ఆరో ఫ్రేము

మొదటి ఐదూ పారేయాలి.
కళ్లు నులుముకోడానికి కెమెరాకీ కాస్త టైము కావాలి.
మొదటి ఫ్రేమంతా నలుపు,
రెండోది కామెర్లొచ్చినట్టు పసుపు,
మూడు నుంచి మెల్లగా ముక్కూ చెవులూ తేలతాయి,
ఆరోదానికి గాని మనిషి రంగు మనిషికి రాదు.
లెక్క ఐదు దాటితేనే సేవ్ చెయ్యమని
నేనే రాశాను, జుబైల్‌లో, ఒక పోర్టా క్యాబిన్లో,
రిఫైనరీ షట్‌డౌన్‌కి పద్నాలుగు వందల గేట్ పాసులు
తొమ్మిది రోజుల్లో కావాలన్నప్పుడు.

నేను బీకాం. ఉద్యోగం టైమ్‌కీపర్.
స్టూడియోవాడు తలకి పన్నెండు రియాళ్లడిగితే
కంపెనీ నా చేతిలో ఒక వెబ్‌క్యామ్ పెట్టి ఊరుకుంది.
డ్రైవర్ దొరకదు. దొరికితే తలకిందులుగా చూపిస్తుంది.
సున్నా నంబరు కెమెరా లేదు పొమ్మంటుంది,
ఒకటో నంబరంటే ఒప్పుకుని, విండో మూశాక కూడా
దీపం ఆర్పకుండా నన్నే చూస్తుంటుంది.
రెండు రాత్రులు సులేమానీ తాగి తాగి
తెల్లారుజామున తెరమీద నా మొహం కనబడితే
ఎవడ్రా వీడు, అన్నాను.

నీలం టార్పాలిన్. దాని ముందో కుర్చీ.
హెల్మెట్ తియ్యి. కళ్లజోడు తియ్యి. నవ్వకు.
తెలుగులో, హిందీలో, ఉత్త చేతివేళ్లతో.
కూర్చున్నవాడు కూర్చున్నట్టే
మొహానికి షట్టర్ దించేసుకునేవాడు.
క్లిక్. ఇకామా నంబరు. తర్వాత?

పాసులైపోయిన రెండోరోజు
డిస్కు నిండిందని మెషీన్ మొరాయించింది.
వెతికితే తేలింది: పారేశాననుకున్నవి పారలేదు.
చెరిపే లైను ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టి
మళ్లీ తియ్యడం మరిచాను.
టెంప్ ఫోల్డర్లో ఏడు వేలు.

గొంతుగుండీ వెతుక్కుంటున్న చెయ్యి,
వెనక వరసలోవాడికేదో జవాబిస్తూ సగం తిరిగిన మెడ,
కనుబొమల్లో ఇసక దులుపుకుంటున్న నేపాలీ వెల్డర్ తమాంగ్,
పెదాల మీద ఇంకా పూర్తికాని బిస్మిల్లా,
కుర్చీ ఆగుతుందా అని అరచేత్తో నొక్కి చూస్తున్న
ఒక భారీ రిగ్గర్,
ఆవలింతలు, ఎన్ని ఆవలింతలో!
నవ్వకు అని నేననక ముందటి మనుషులు.

కోరుట్ల గంగనర్సు పాసు పట్టుకొచ్చాడు.
"సార్, గీ ఫోటో పంపితే మా పోరి ఏడుస్తున్నది.
నాయిన గిట్లుండడంటది."
వాడి నాలుగో ఫ్రేము తెరిచాను.
ఒక చెవి వెలుతురులో కరిగిపోయింది,
కింది పలువరసలో సందు కనబడేంత నవ్వు.
"గిదెప్పుడు తీసినవ్?"
"నువ్వు రెడీ కాకముందు."
చొక్కా చేత్తో తెరమీద దుమ్ము తుడిచి, చూసి, మళ్లీ తుడిచి
"పాసు మీద గిదే పెట్టరాదు?"
గేటు దగ్గర ఒప్పుకోరన్నాను.
ఫోన్ అడ్డం పెట్టి ఫోటోకి ఫోటో తీసుకుని
బస్సు హారన్ కొడుతుంటే పరిగెత్తాడు.

ఆ సాయంత్రం ఆ రెండు గీతలూ తీసేశాను.
తీసేముందు, ఎందుకో, నా నంబరు వెతికాను.
పరీక్షకని నన్ను నేను తీసుకున్నవి, ఓ నలభై.
మొదటి ఐదుకీ ఆరోదానికీ తేడా లేదు.
అన్నిట్లోనూ కెమెరా వైపు కాకుండా
కింద ఎర్రర్ వస్తుందేమోనని
అడుగు లైను వైపు చూస్తున్నాను.