బిళ్ళ నంబరు 417

పెరుంబాక్కంలో రేషన్ షాపు పక్క గది.
ఓటర్ల జాబితా సరిచూసే క్యాంపు.
నలభై మందికి ఒకటే ఫ్యాను,
అదీ ఆఫీసరు వైపే తిరిగి ఉంది.

"సొంద ఊరు ఎదు?" అన్నాడాయన తలెత్తకుండా.
ఇదే, అన్నాను.
"అదిల్లమ్మా. సొంద ఊరు."

సొంత ఊరంటే
నన్ను కన్న ఊరా, నాన్నని పూడ్చిన ఊరా,
లారీ ఎక్కించి దింపిపోయిన ఈ ఎనిమిదో అంతస్తా?

మా తాత పెంచలయ్యని
నెల్లూరు అవతల ఏదో పాలెం నుంచి
కార్పొరేషన్ మేస్త్రీ రైల్లో తెచ్చాడట,
మీసం రాని వయసులో.
ఆ పాలెం పేరు తాతతోనే పోయింది.
మిగిలింది ఇత్తడి బిళ్ళ ఒకటి,
నంబరు 417.
జీతం రోజు ఆ నంబరునే పిలిచేవాళ్ళు.
కోపమొస్తే నానమ్మ కూడా
"ఏవయ్యా నాలుగొందల పదిహేడూ" అనేది.

"మద్రాసు మనదే" అని ఊరేగిన ఏడు
తాత డ్యూటీ మౌంటు రోడ్డు మీద.
జనం ఇళ్ళకి పోయాక
రోడ్డు నిండా కరపత్రాలు.
మనదే మనదే మనదే
తెల్లారేలోపు బండికెత్తాలి.
మర్నాడు అవతలివాళ్ళ ఊరేగింపు,
అవతలి అక్షరాలు.
అవీ తాతే ఊడ్చాడు.
చదువు రాదు కనక
రెండూ ఒకే బరువన్నాడు.
తడిసినవి మాత్రం కాస్త ఎక్కువ.

కొన్ని ఇంటికి తెచ్చి
పుళియంతోపు గుడిసె తడిక సందుల్లో కుక్కాడు,
మనదే మీద వాళ్ళది, దాని మీద మళ్ళీ మనదే.
ఆ ఏటి ముసురుకి
జల్లు లోపలికి రాలేదని నానమ్మ చెప్పేది.

రాష్ట్రం విడిపోయింది.
ఫైళ్ళు కదిలాయి, ప్లీడర్లు కదిలారు,
బీరువాలు, బల్లలు, బల్లల మీది గంటలు కూడా.
చెత్త ఇక్కడే ఉండిపోయింది.
దాంతోపాటు మేమూ.

ఈ పట్నానికి ఎవరో నాయకుడు
తన తండ్రి పేరు పెట్టించాడంటారు.
తెలుగువాడేనని పండగ సభల్లో
ఛాతీ విరిచి చెబుతుంటారు,
మా బంతిలో కూర్చోని తెలుగువాళ్ళు.
మా తాత తండ్రి పేరు
మాకే తెలియదు.

ఇక్కడి బడిలో నేను గొల్టిని.
నెల్లూరు పెళ్ళికెళితే అరవదాన్ని.
రెండు చోట్లా, ఏ పేట అని అడిగాక
భాష సంగతి మర్చిపోతారు.

"పాత జాబితాలో తాత పేరు చూపించు."
చూపించాను.
పెంజలై. వయసు అరవై ఒకటి. స్త్రీ.
ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను.
బతికుంటే తాత ఇంకా గట్టిగా నవ్వేవాడు,
ఆ ఓటు ప్రతిసారీ వేసి వచ్చినవాడు.

నా పేరులోనూ ఇక్కడ రెండక్షరాలు నిలవవు.
రాసేది పానురేకా, పిలిచేది బానురేకా.
పర్వాలేదు,
మూడు తరాలుగా మధ్యలో ఎక్కడో పలుకుతున్నాం.

కొంగు ముడి విప్పి బిళ్ళ బల్ల మీద పెట్టాను.
బొటనవేలితో రుద్ది చూశాడు.
"ఇది రుజువుల పట్టికలో లేదమ్మా."
తెలుసు సార్. ఊరికే, చూస్తారని.

సంతకం తెలుగులో పెట్టాను.
కాయితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు,
ఏ వైపు పైనో తెలియలేదు.
తలకట్టు ఉన్న వైపు తల, అన్నాను అరవంలో.

అప్పుడే వెనక ముసలాయన ఎవరో
ఉక్క ఆగలేక ఫ్యానుని మా వైపు తిప్పాడు.
ఫారాలన్నీ లేచి, గది నిండా తిరిగి, నేల మీద పడ్డాయి.

ఆఫీసరు నా చేతుల కేసి చూశాడు.
గదంతా చూసింది.
మూల చీపురు ఉంది కూడా.

వెతికి, నాదొక్కటే తీసుకున్నాను.
మిగతావి ఆయనే వంగి ఏరుకున్నాడు.
అలవాటు లేని నడుము,
కాస్త టైం పట్టింది.