ఓమెరు లెక్క

మా ఊరి నుంచి ఆరుగురం.
సిప్పోరా, హదస్సా, కవలలు యెమీమా కెజీయా,
అందరికన్నా చిన్నది రిబ్కా, తొమ్మిదో తరగతి,
నేను.
చేబ్రోలు దాటి ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని
ఆటోలో గుంటూరు వచ్చాం, పస్కా అయిన రెండు వారాలకి.
"ఎండలకి జనం పడిపోతున్నారు.
ఫలితాలెప్పుడొస్తాయా అని గోళ్ళు కొరుక్కునే బదులు
పెద్దాసుపత్రికెళ్ళి నాలుగు గ్లాసుల నీళ్ళివ్వండి"
అన్నాడు సాదోకు మావయ్య
తోరా చుట్ట మూసి, కళ్ళజోడు తుడుచుకుంటూ.

నేను నీళ్ళివ్వడానికి వెళ్ళలేదు. దాచడమెందుకు?
దేవుడు నాతో మాట్లాడతాడేమో అని వెళ్ళాను.
మొదటి వారం ఆయాలు మాట్లాడారు.
"అడ్డు లే పాపా."
"ఆ బకెట్ అటు జరుపు."

కొత్తపేటలో గది. ఒక ఫ్యాను, ఆరు చాపలు.
చుక్కలు కనబడగానే వరసగా నిలబడి
ఆశీర్వాదం చెప్పి రోజు లెక్కపెట్టేవాళ్ళం,
ఎప్పుడో ఎడారిలో కొండ దాకా నడిచినవాళ్ళ
నలభై తొమ్మిది రోజుల లెక్క.
నేను ఓపీ చీటీ వెనక గీతలు గీసేదాన్ని,
మా అమ్మ గోడ మీద పాల లెక్క గీసినట్టు.

పదకొండో మంచం గురవమ్మది.
మిర్చి యార్డులో తొడిమలు తీస్తూ తీస్తూ
కుప్ప మీదే ఒరిగిపోయిందట.
ఆమె వేళ్ళు కడిగాను, మళ్ళీ కడిగాను,
తర్వాత మరిచిపోయి కన్ను నులుముకున్నాను.
గంటసేపు మంట.
ఆమె నవ్వింది, పళ్ళు లేని చోట కూడా.
"నలభై ఏళ్ళ ఘాటమ్మా, నీ సబ్బుకి పోద్దా?"
కాసేపాగి అడగాల్సింది అడిగింది.
"ఎవురి పిల్లలు మీరు?"
ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న ఉంటుందని
మా పేటలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.
"యూదులం మామ్మా."
"యానాదులా? మంచోళ్ళు.
మా చేలో ఎలకలు పట్టేవోళ్ళు."
సిప్పోరా నవ్వాపుకోలేక వరండాలోకి పరిగెత్తింది.
నేను సరిదిద్దలేదు.
మంచోళ్ళు అంది కదా.

శుక్రవారం సాయంత్రం రెండు కొవ్వొత్తులు వెలిగించి
నడుచుకుంటూ వార్డుకి వచ్చాను. నా వంతు.
షబ్బాత్‌లో గీత గీయకూడదు.
చీటీ గదిలో వదిలేశాను,
లెక్క మనసులో చెప్పుకుందామని.
ఎనిమిదింటికి కరెంటు పోయింది.
చింపకూడదు అని గుర్తొచ్చేలోపే
సెలైన్ డబ్బా అట్ట చింపేశాను.
విసరడం మొదలుపెట్టాను.
ఇది పనా?
పనైతే, ఆపితే ఎవరికి విశ్రాంతి?
కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మళ్ళీ కుడి.
గురవమ్మ నిద్రలో కూడా తొడిమలు తీస్తోంది.
దుప్పటి అంచుని వేళ్ళు గిల్లుతున్నాయి,
గిల్లి పక్కన పెడుతున్నాయి.
వాటికేసి చూస్తూ విసిరాను.
తెల్లారి కరెంటొచ్చింది. గదికొచ్చి పడిపోయాను.
లేచేసరికి మళ్ళీ చుక్కలు.

చీటీ మీద ముప్పై గీతలు.
రాత్రి మరిస్తే పగలైనా చెప్పుకోవచ్చు.
పగలు కూడా దాటిపోతే?
మావయ్యకి ఫోన్ చేశాను. గొంతు నా మాట వినలేదు.
అవతల కుక్కరు కూత.
"లెక్క ఆపకు తిర్సా. వాళ్ళతో పాటు లెక్కపెట్టు.
ఆశీర్వాదం మాత్రం ఇక నువ్వు చెప్పకూడదు.
వాళ్ళు చెప్తే ఆమేన్ అను."
కూత ఆగాక
"ఆవిడకెలా ఉంది?" అన్నాడు.

సోమవారం గురవమ్మని పంపించేశారు.
యార్డులో మూటలు మోసే కుర్రాడు ట్రాలీ ఆటో తెచ్చాడు.
ఒక చెప్పు దొరకలేదు.
మంచాల కింద పాకుతూ ఆరుగురం వెతికాం. లేదు.
ఒంటి చెప్పుతోనే ఎక్కి కూర్చుని
నన్ను దగ్గరికి పిలిచి
తల మీద చెయ్యి పెట్టింది. అదే చెయ్యి.
"చల్లగా ఉండమ్మా."
నలభై నాలుగు డిగ్రీలు. తారు కరుగుతోంది.
నుదుటి మీద ఆ వేళ్ళు తగిలినచోట కాస్త మండింది.
ఆమేన్ అన్నాను.
"ఏవఁన్నావ్?" అంది,
కానీ ఆటో అప్పటికే మలుపు తిరిగింది.

ఆ రాత్రి ముప్పై నాలుగు.