ఇరవై ఒకటో బస్తా

వడ్లు ఆరాలె, లెక్కలు ఆరొద్దు.
బడి మూసేనాడు రుక్మాంగదం సారు
చెప్పి పంపింది రెండో మాటే.
మొదటిది నాది.

నిరుడు జూన్ల భాగహారం మర్చిపోయి
తొవ్వ తప్పిన మేకపిల్ల లెక్క
బోర్డు ముంగట నిలవడ్డదట నా బిడ్డ.
ఈసారి అట్ల కావద్దని దాని పంతం.

హాలియా అవతల, కాల్వ కట్ట కింద
మా సంఘం కొనుగోలు కేంద్రం.
కాంటా ముందు ప్లాస్టిక్ కుర్చీ, రిజిస్టరు, నేను.
నా ఎనక టార్పాలిన్ నీడల
ఏడు పాసై ఎనిమిదికి పోయే శ్రీనిత.
చినిగిన ట్యాగు చీటీల ఎనక దిక్కు
రోజుకు పది లెక్కలు.

పొద్దుపూట రుణ సంఖ్యలు.
రుణానికి రుణం కలిపితే ఇంకా పెద్ద రుణమట.
అది నాకెరికే.
రుణాన్ని రుణంతోని గుణిస్తే ధనమైతదట.
"అది ఏ బ్యాంకుల బిడ్డా?" అన్నడు
బస్తా దించుకుంట ముత్తిలింగం.
హమాలీలంత నవ్విన్రు. నేను గూడ.
అది నవ్వలే.
"గుర్తు మారుతది మామా, అంతే."

తర్వాత భిన్నాలు.
పైన లవం, కింద హారం.
హారం సున్నా ఉండొద్దు, ఉంటే అర్థం లేదు అని
అది పైకి సదువుతాంటే
నా చెయ్యి మెడ మీదికి పోయింది.
బోరు ఏసిన ఏడు నుంచి
నా హారం సొసైటీ బ్యాంకులనే ఉన్నది.
పసుపుతాడు సర్దుకున్న.

రోహిణి కార్తె. ముట్టుకుంటే కాంటా రేకు కాలుతాంది.
తేమ మిషన్ల గుప్పెడు వడ్లు పోస్తే
పదిహేడు చూపెట్టింది.
ఎల్లమంద ఊపిరి ఇడిసిండు.
పదకొండు రోజులాయె కుప్ప కాడ్నే పండవట్టి,
మబ్బు పట్టినప్పుడల్లా పట్టా కప్పుకుంట, తీసుకుంట.

కాంటా మీద నలభై రెండు.
రిజిస్టరుల నలభై.
తాలు, మట్టి, సంచి బరువు, మిల్లు మాట...
ఆ రెండు కిలోలకు చాన పేర్లున్నయ్.
రాసే చెయ్యి మాత్రం నాదొక్కటే.

"నలభైకి రెండంటే నూటికి ఐదు!"
ఎనక నుంచి ఇనవడ్డది,
పదో లెక్క దొరికిన సంబురంతోని.

మిల్లు గుమస్తా సెల్లు మీదికెల్లి తల లేపిండు.
"పిల్ల మస్తు హుషారున్నదక్కా" అన్నడు.
ఆ మాటల మెప్పెంత, ఇంకోటెంత
విడదీసుడు నాకు రాదు.
ఎల్లమంద వేళ్లు మడుస్తున్నడు,
ఐదు కాడ ఆగి, మళ్ల మొదటికొచ్చి.
"ఊకో" అన్న బిడ్డను.
ఇంకో నలభై రాసిన.

నడిరాత్రి డాబా మీద నన్ను లేపింది.
"అమ్మా, తప్పు చెప్పిన."
ఒక్క నిమిషం నా పాణం తేలికైంది.
"పోసింది నలభై రెండు కద.
నలభై రెండుల రెండు. ఐదుకు కొంచెం తక్కువ."
"తక్కువైతే మంచిదే, పండు."
"మంచి చెడ్డ లెక్కల ఉండదమ్మా.
రెండుతోని కొట్టేస్తే ఇరవై ఒకటిల ఒకటి.
ఇరవై ఒక్క బస్తాలకు ఒక బస్తా."

చెప్పి, అటు మర్లి, నిద్రపోయింది.
జూన్ల సారు ఏమడిగినా దానికి భయం లేదు.

ఎల్లమందయి అరవై మూడు బస్తాలు.
ఇరవై ఒకటి మూళ్ల ఎంతో
నాకు గూడ వచ్చు.
మూడు బస్తాలు చీకట్ల
మా తల్లీబిడ్డల నడుమ నిలవెట్టినట్టే ఉన్నయ్.

తెల్లారి రిజిస్టరు తెరిచిన.
పేరు, బస్తాలు, తేమ, తూకం, సంతకం.
"స్కేలియ్యి బిడ్డా."
"ఎందుకు?"
అంచు పొంటి ఇంకో గీత గీసిన.
ఆ గడి పైన ఏం పేరు రాయాల్నో తెల్వలే.
"తెలియని దాన్ని ఎక్స్ అనుకోవాలె" అన్నది.

అనుకున్న.
పెన్ను మూత తీసి పట్టుకొని కూసున్న.
కాల్వ మలుపు కాడ
మొదటి ట్రాక్టరు చప్పుడు.