జానెడు వెనక్కి

పలాస పాసింజరు పూండి దాటాక
మూడో పెట్టెలో, తలుపు పక్కన,
నా నల్లకోటు కనబడగానే టికెట్టు తీసి
రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు
మెట్ట అసిరయ్య.
వేళ్ళని వెంటనే గుర్తుపట్టాను.
ముఖానికి కాస్త టైము పట్టింది.

పగలంతా జీడిపిక్కల బట్టీలో పని.
పిక్క నూనె అంటి వేలికొసలు నల్లబడి తోలు లేచిపోయేవి.
సాయంత్రం వాటికే ప్లాస్టరు చుట్టుకుని
ఎవరి ఊరికో వాలీబాల్ ఆడ్డానికి పోయేవాడు.
లిఫ్టరు. ఐదడుగుల నాలుగంగుళాలు.
నెట్టు మీదికి చెయ్యి రాదు.
బంతి వాడి దగ్గర ఎప్పుడూ ఆగేది కాదు,
గోళ్ళ మీంచి లేచి మా దగ్గరకొచ్చేది.

ఒక్క ఊరికని ఆడింది లేదు.
ఎవరికి లిఫ్టరు లేకపోతే వాళ్ళ మనిషి.
మందసలో ఒక రాత్రి, సోంపేటలో ఇంకో రాత్రి,
రాజాంలో ఫైనల్సుంటే బస్సు ఖర్చులూ రెండొందలూ.
బయటివాళ్ళు ఇద్దరికి మించకూడదని రూలుంటే
ఆ ఊళ్ళో జ్వరమొచ్చి పడుకున్నవాడి పేరు తగిలించుకుని దిగేవాడు.
నందిగాంలో గురువులు.
హరిపురంలో దాలినాయుడు.
మైకులో "దాలినాయుడు బ్రహ్మాండంగా ఎత్తాడు" అంటే
వెనక్కి తిరిగి చూశాడు, ఎవరా అని.
మేం నవ్వాం.
వాడూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

టెక్కలిలో గెలిచిన రాత్రి
బహుమతి మేకపోతుని ఊరివాళ్ళు తోలుకుపోయారు.
జనరేటరు ఆపేశాక బడి వరండాలో
చీకట్లోనే చిల్లర లెక్కపెట్టుకున్నాడు, వేళ్ళతో.

రాష్ట్రం జట్టుకి పిలుపొచ్చిందొకసారి. ఏలూరు.
పన్నెండు మంది. వాడు పదమూడు.
వారం రోజులు బెంచీ మీద
తువ్వాళ్ళు మడతపెట్టి, నీళ్ళసీసాలు నింపి,
తిరిగొచ్చి మాకు చెప్పింది ఒకటే:
"అన్నం బాగా పెట్టినార్రా. రెండు పూట్లా గుడ్డు."

నాకు ఉద్యోగం వచ్చింది ఆ ఏడాదే.
స్పోర్ట్సు కోటా. సెలక్షన్లో పదకొండు స్మాషులు,
పదకొండూ నేలని పగలగొట్టాయి.
ఎత్తడానికి వాణ్ణి విశాఖ నేనే తీసుకెళ్ళాను.
తిరుగు టికెట్టు కూడా నేనే తీసిచ్చాను
(ఇది ఇప్పటికీ చెప్పుకుంటాను).
పేపర్లో నా ఫోటో: గాల్లో నేను,
కింది అంచున మోచేతుల దాకా రెండు చేతులు, ఎవరివో.
మా హాల్లో అద్దం కట్టించి ఉంది.

మోకాలు పోయాక కూడా ఆడాడట.
కొన్నాళ్ళు లైన్లకి సున్నం పోశాడట, విజిలూదాడట.
"కోటబొమ్మాళిలో నలభై దాటినోళ్ళ ఆట.
లిఫ్టరు నేడంట. రమ్మన్నారు."
సంచిలోంచి ఇస్త్రీ బనీను తొంగిచూస్తోంది,
వీపు మీద మళ్ళీ ఇంకెవడి పేరో.

ఏమడగాలో తెలీక అడిగాను,
నా అంత ఎగిరేవాడు మళ్ళీ తగిలాడా అని.
కిటికీ వైపు చూశాడు. మొహమాటంగా,
"నువ్వు నెట్టుకి దూరంగానే ఎగిరిపోయేవోడివి బావూ.
తొందర.
అందుకని నీకొక్కడికీ బంతిని జానెడు యెనక్కెత్తేవోణ్ణి.
సెప్తే నీ ఎగురుడు సెడిపోద్ది. సెప్పనేదు."

ఒకప్పుడు ఒరే అనేవాడు. ఇప్పుడు బావూ.

నౌపడా వచ్చింది, పోయింది.
వాడి టికెట్టు నా చేతిలోనే ఉంది.
పెన్ను గీత పెట్టకుండానే ఇచ్చేశాను.
పదకొండు సార్లు.
జానెడు.

కోటబొమ్మాళిలో దిగాడు, కుడికాలు ముందు దించి.
జీడిమామిడి పళ్ళ గంప ముందు కూర్చున్నామె
"ఓపాలి సెయ్యెయ్యి బావూ" అంది.
సంచి కింద పెట్టి వంగాడు.
పదివేళ్ళ మీద గంప లేచింది,
ఆమె తల ఎక్కడుందో అక్కడి దాకా.
చుట్టకుదురు సర్దుకుని ఆమె నడిచిపోయింది.

బండి కదిలేసరికి
ప్లాట్‌ఫారం మీద చతికిలబడి
సంచిలో ప్లాస్టరు వెతుక్కుంటున్నాడు.