సార్ప్ దాటితే గంట

సార్ప్ సరిహద్దు దగ్గర
మొదట పోయేది డబ్బు కాదు, గంట.
ఇవతల తొమ్మిదైతే అవతల పది.
నా వ్యాను ముందు అద్దం కింద రెండు గడియారాలు అంటించాను,
హోపాకొకటి, బతూమికొకటి.
ఎవరూ చూడరు.

పదకొండేళ్ళుగా ఇదే రోడ్డు.
వెళ్ళేటప్పుడు ఎడమపక్క నల్ల సముద్రం,
కుడిపక్క తేయాకు కొండ,
మధ్యలో పద్నాలుగు సీట్లు.
ఫ్యాక్టరీ ఆకు డబ్బులిచ్చిన వారం
ఇంకో రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు వేస్తాను.

ఎందుకెళ్తున్నారని నేనడగను.
అడగనివాడికే ఎక్కువ చెప్తారు మనుషులు.

మాంసం కొట్టు రూషెన్ చేపలకంటాడు.
అదే సముద్రం, అదే చేప.
పొరుగింటి పుల్లకూర అనుకుని గేరు మారుస్తాను.
టైర్ల షాపు అన్నదమ్ములు పళ్ళ డాక్టరు దగ్గరికంటారు.
ఏడాదికి ఇరవైసార్లు చూపించుకున్నా
తమ్ముడి ముందుపన్ను
విరిగినది విరిగినట్టే ఉంది.

మా వైపు ఆ బల్లలన్నీ
నాకు మీసాలు రాకముందే ఎత్తేశారు.
తలుపులకు తాళాలు పడ్డాయి సరే,
అరచేతి దురద ఎక్కడికి పోతుంది?
అది నా వ్యానెక్కింది.

నెజాకెత్ టీచరు మాత్రం అబద్ధమాడదు.
ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పింది.
ఈ సీట్లలో సగానికి ఎక్కాలు నేర్పింది ఆవిడే.
ఒళ్ళో పెరుగు డబ్బా,
అందులో మడిచిన నోట్లు, పైన రెండు ఉడికిన గుడ్లు.
"గెలవనని తెలుసురా యావూజ్.
నూరు వేస్తే తొంభై రెండొస్తాయి.
ఆ ఎనిమిదీ టిక్కెట్టు."

దేనికి టిక్కెట్టని నేననలేదు.
సొరంగంలో దీపాలు ఒక్కొక్కటే
ముఖం మీదుగా జారిపోతుంటే ఆవిడే అంది:
"హోపాలో రొట్టె కొన్నా నలుగురు చూస్తారు.
మా ఆయన పోయాక
ఎన్నాళ్ళకు నవ్వానో వాళ్ళ దగ్గర లెక్కుంది.
అక్కడి మెషీనుకి నా పేరు తెలీదు.
నాలుగు గంటలు
నేనెవరికీ టీచర్ని కాను."

చెక్‌పోస్టులో, ఆ తెల్లటి వంకర భవనం కింద,
ఎవరూ ఎవరినీ గుర్తుపట్టరు.
పొద్దున జనాజాలో నా భుజం పక్కనే నిలబడ్డ
ఇమాం గారి బావమరిది
పైకప్పులో బల్బులు లెక్కపెడుతుంటాడు.

ఒకసారి వాన తట్టుకోలేక నేనూ లోపలికెళ్ళాను.
గుమ్మం దగ్గర పిల్ల తడిసిన నా కోటు అందుకుంది.
అంతకుముందు నా కోటు ఎవరూ అందుకోలేదు.
"రండి బాబుగారూ" అంది మా భాషలోనే.
పేరు తామ్తా. చెప్పు మడమ అరిగిపోయింది.
ఇంత బాగా ఎలా వచ్చిందంటే,
వాళ్ళమ్మ ప్రతి వేసవీ మా వైపే తేయాకు కోస్తుందట,
కెమాల్‌పాషా పైన.
ఎవరి తోటలో అని అడగబోయి
టీ తాగేసి వచ్చేశాను.
రూషెన్ వాళ్ళకి అక్కడ నాలుగెకరాలుంది.

రూషెన్ ఒక్కసారి గెలిచాడు.
ఫ్రీజరు కొన్నాడు.
ఆ ఒక్కసారి కోసం ఇంకా వెళ్తూనే ఉన్నాడు.
ఫ్రీజరు ఇప్పుడు ఇంకెవరింట్లోనో ఉంది.

నిన్న రాత్రి, వాళ్ళ లెక్కన మూడు.
అందరూ ఎక్కారు, టైర్ల తమ్ముడు తప్ప.
కుదువ కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు,
ఉంగరం వేలి చుట్టూ తెల్లటి గీత.
అన్న వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఏమీ అనలేదు.
వెనక సీట్లో గొణుగుడు:
తెల్లారితే కొట్లు తెరవాలి, పోనీ.

డబ్బా ఖాళీ. గుడ్డు ఒకటి మిగిలింది.
నెజాకెత్ టీచరు దాన్ని ఒలుస్తూ,
బోర్డు ముందు నిలబడ్డ గొంతుతో అంది:
"సార్ప్ దాటితే మనకో గంట రావాల్సుంది కదా.
అది ఇప్పుడే ఖర్చు పెడదాం.
ఇంజను ఆపు."

ఆపాను.
రెండు గడియారాలూ వినిపించాయి.