ముట్టని పుట

తార్తులో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
ప్రయోగశాల కిటికీ మీద మంచు,
గోరుతో గీకితే గీకినంత మేరే వీధి.

పొయ్యిలో పెట్టాను కాగితం పేలికల్ని:
ఎనభై డిగ్రీలు, చాలినంత తేమ, పన్నెండు రోజులు.
పన్నెండు రోజులంటే ఇంచుమించు నూరేళ్లని పాఠం.
నేను నమ్మను.
సంతకం మాత్రం పెడతాను.

పుస్తకం హీయుమా దీవిది. చర్చిలో రాసుకున్న పుట్టుకల పద్దు.
ఇనుప సిరా,
తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం.
అక్షరం ఉన్నచోటే కాగితం మాడి
సున్నాల కడుపులు ఊడి
పుట తిప్పితే ఒళ్లో నల్లటి నూక.

డెబ్బై నాలుగులో సాల్మె దీన్ని కడిగింది.
సున్నపు తేట నీళ్లలో ముంచి, ఉన్నిగుడ్డల మధ్య ఆరబెట్టి,
వెనక ఉల్లిపొరలాంటి జపాను కాగితం అతికించింది.
ఇప్పుడు ఆ చేతికి మార్కులు వేయడం నా పని.

మడత యంత్రం లెక్కపెడుతోంది, టిక్కు టిక్కుమని.
కడిగిన అంచు: నూటపన్నెండు మడతలు.
కడగనిది: తొమ్మిది.
ఎంత గట్టిదో తెలియాలంటే తెగేదాకా మడవాలి.
ఇంతకంటే మర్యాదైన దారి
ఇంకా ఎవరికీ తట్టలేదు.

కడగనిది ఎక్కడిదంటారా?
నూట నలభై ఒకటో పుట. దానికో చీటీ, పెన్సిలు రాత:
"దీన్ని కావాలనే వదిలాను. మతిమరుపు కాదు.
నేను చేసింది మంచో చెడో తేల్చడానికి
మీకో సాక్షి కావాలి.
నన్ను క్షమించమని ఈ పుటతో చెప్పండి."

సాక్షి మీద ఏడుగురు పిల్లలు.
అయిదుగురి పేర్లు చదవగలిగాను.
ఆరో పేరు నా ఊపిరికే రాలింది.
ఏడోది ముందే కన్నం.

కడిగిన పుటల్లో అందరూ ఉన్నారు,
కాస్త వెలిసి, టీ మరకంత రంగులో.
కానీ పాత ఫోటోలో, నూట నలభై మూలన
పాస్టరుగారి బొటనవేలి మసి ఉంది.
పుట మీద లేదు. నీళ్లతో పాటే పోయింది.
బలానికి గడి ఉంది, ఆమ్లానికి గడి ఉంది, తెలుపుకి ఉంది.
వేలిముద్రకి లేదు. అంచున రాశాను, చిన్నగా.

ఫలితం: సంతృప్తికరం.

రేపటి నుంచి రెండో సంపుటం. ఈసారి నీళ్లు నావి.
ఒక పుట వదలాలి, నాకు మార్కులు వేసేవాళ్ల కోసం.
పేర్లు చూడకుండా ఎంచుకుందామని
కళ్లు మూసుకుని తెరిచాను పుస్తకం.

తర్వాత, ఎందుకో,
చదివాను.