పెన్సిలు చీటీ

తుర్కానా సరస్సుకి పడమట, ఎండిన వాగు గట్టున
మా గుడారాలు.
సాయంత్రం గాలి లేస్తే
టీలో సగం ఇసుకే.

బల్ల మీద ఏడు రాళ్లు,
ఒక్కోదాని కింద ఒక చీటీ.
చీటీలు రాయడమే నా పని,
నిజాలు తేల్చడం కాదు.

"ఇది చేతిపని," అన్నాడు ఎకిదోర్.
ముప్ఫై ఏళ్లు నేలని చూస్తూ వంగిన నడుము అతనిది.
"ఈ అంచు చూడు, ఒకే వైపు మూడు దెబ్బలు.
వాగుకి ఇంత ఓపికెక్కడిది?"

"వాగుకి ఉన్నదే ఓపిక కదా పెద్దాయనా,"
అంది అసెకోన్.
నైరోబీలో చదువు ముగించి మొన్ననే వచ్చింది,
కొత్త బూట్లు ఇంకా కరుస్తున్నాయి.
"దొర్లించి దొర్లించి, లక్ష ఏళ్లలో
మూడు దెబ్బలు సరిగ్గా పడవా?"

వంటవాడి గరిటె ఆగింది.
ఇక్కడ గొంతులు లేవడం మాకు కొత్త కాదు.
ఒక ఏడాది ఇద్దరు పండితులు
ఎముక ముక్క దగ్గర మొదలుపెట్టి
ఒకరి తాతల దాకా ఒకరు వెళ్లారు.

ఎకిదోర్ మాత్రం రాయి తీసి
ఆమె అరచేతిలో పెట్టాడు.
"పట్టుకుని చెప్పు.
చేతిలో బరువుంటే మాట తూలదు."

చీకటి పడేదాకా చెప్పింది.
ఒక్కసారే లేచాడతను, లాంతరు వత్తి పెంచడానికి.
"రాత్రికి ఆలోచిస్తా," అన్నాడు చివర్న.
నాతో, "ఏడో చీటీ పెన్సిలుతో రాయి."

మర్నాడు జల్లెడలో
బొటనవేలి గోరంత పెచ్చు.
చూసింది అసెకోనే. చుట్టూ ఎవరూ లేరు.
పక్కనే పారబోసిన మట్టి గుట్ట, మనిషెత్తున.
వేళ్లు కాస్త వదులైతే చాలునని
తర్వాత తనే నాతో అంది.

బూట్లు చేత్తో పట్టుకుని పరుగున వచ్చి
టీ కూడా తాగని ముసలాయన ముందు
పెచ్చుని రాయికి ఆనించింది.
టక్కుమంది,
గడియ పడ్డట్టు.

"మీరే గెలిచారు."
అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"ఇదొక్కటే. నిన్న నువ్వు చెప్పాక
రెండోదీ ఐదోదీ నాకు నచ్చడం లేదు.
వాగువేనేమో."

సిరాతో రాసిన ఆరు చీటీలూ చింపి
పెన్సిలు చెక్కుకోడానికి కూర్చున్నాను.
ఒళ్లో సన్నటి పెచ్చులు రాలాయి.

ఏ చీటీలోనూ రాయనిది ఒకటుంది:
ఆ ఏడో రాతి మీద
మొదటి రెండు దెబ్బలూ ఒక వాలు,
మూడోది వేరు.
మధ్యలో ఎవరో పక్కన కూర్చుని
అలా కాదు, అని ఉంటారు.
ఏ మాటతో అన్నారో.
ఆ చెయ్యి కాసేపు ఆగి, రాయిని తిప్పింది.